ఏడు వారాలైంది, పాప నాదనిపించడం లేదు

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లా. ఏడు వారాల కింద పాప పుట్టింది. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని హడావిడిగా థియేటర్‌కి తీసుకెళ్లారు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చే టైం లేదని పూర్తిగా మత్తిచ్చారు. కళ్లు తెరిచేసరికి పక్కన పాప లేదు. ఉమ్మనీరు మింగిందని పిల్లల ఐసీయూలో పెట్టారట. మూడో రోజు చూపించారు. చుట్టూ అందరూ కళ్లనీళ్లతో నవ్వుతున్నారు. నాకేమో ‘ఈ పాప ఎవరి పాప’ అనిపించింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాను. నా పాలే పడుతున్నాను, చాలనప్పుడు ఒకటి రెండుసార్లు డబ్బా పాలు. తాగాక ప్రతిసారీ వెక్కిళ్లు వస్తాయి. ఏడ్చే ముందు కుడికాలు రెండుసార్లు తన్ని అప్పుడు మొదలెడుతుంది. మా అమ్మ ఎత్తుకుంటే ఊరుకుంటుంది, నేను ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తుంది. మొన్న చూడటానికి వచ్చిన మా పెద్దత్త ‘నొప్పులు పడి కంటేనే కదా ప్రేమ తెలిసేది’ అంది. రాత్రుళ్లు థియేటర్ లైట్లు గుర్తొచ్చి ఉలిక్కిపడి లేస్తున్నాను. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, శనాదివారాలు వస్తారు. ‘పాప బాగుంది కదా, ఇంకేంటి బాధ’ అంటారు. నిజమే కదా, నాకేం తక్కువైందని ఏడుస్తున్నానని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. పాప మీద నాకేమీ అనిపించడం లేదు. అసలు నాకు తల్లిప్రేమ పుడుతుందా అక్కా?

సమాధానం:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నిన్ను నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాప మీద ఏమీ అనిపించడం లేదని రాసిన దానివే, పాలు తాగాక వెక్కిళ్లు వస్తాయనీ, ఏడ్చే ముందు కుడికాలు రెండుసార్లు తంతుందనీ రాశావు. కుడికాలు. రెండుసార్లు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఈ సంగతి గమనించారేమో ఓసారి అడిగి చూడు.

నేను 26 ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేశాను. ‘ఈ పాప ఎవరి పాప’ అన్న మాట నాకు కొత్త కాదు. రాత్రి డ్యూటీలో, పక్క మంచాల వాళ్లు నిద్రపోయాక, గొంతు తగ్గించి చెప్పేవాళ్లు తల్లులు. పగలు ఎవరూ చెప్పరు. ఆపరేషన్ అయినవాళ్లే కాదు, నార్మల్ డెలివరీ అయినవాళ్లూ చెప్పారు. బిడ్డను చూడగానే గుండె పొంగిపోయేవాళ్లు ఉన్నారు, లేరనను. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. నీ ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను: పుడుతుంది. అయితే దీనికి పుట్టడం కన్నా సరైన మాట మన భాషలో ఇంకొకటి ఉంది. మాలిమి కావడం. దూడైనా, పిట్టైనా, పిల్లైనా ఒక చేతికి మాలిమి అవుతుంది. రోజూ అదే చెయ్యి, అదే వాసన, అదే గొంతు తగిలి తగిలి అవుతుంది. అటు తల్లి కూడా బిడ్డకు అలాగే మాలిమి అవుతుంది. మీ ఇద్దరికీ ఆ మొదటి మూడు రోజులూ లేకుండా పోయాయి.

ముందు ఆ రోజు సంగతి మాట్లాడుకుందాం. తొమ్మిది నెలలు కడుపులో తన్నిన బిడ్డ ఒకరు. మూడో రోజు, తెల్లటి లైట్ల కింద, గొట్టాల మధ్య ఎవరో వేలు పెట్టి చూపించిన బిడ్డ ఒకరు. ఆ ఇద్దరూ ఒకరేనని నీకు పక్కవాళ్లు చెబితే తెలిసింది. నీ ఒంటికి తెలియలేదు. మత్తులోకి జారేటప్పుడు కడుపు నిండుగా ఉంది, లేచేసరికి ఖాళీగా ఉంది, పక్కన ఎవరూ లేరు. అలా లేచిన మనిషికి ఏదో పోయిందన్న దిగులు ఉండదా? పాప క్షేమంగా ఉందని బుద్ధికి తెలిసినా ఆ దిగులు వెంటనే పోదు.

తల్లిప్రేమ అనగానే మనం తలుచుకునేది యశోదనే కదా. భాగవతంలో ఆమె పురుడు ఎలా జరిగిందో గుర్తు చేసుకో. ప్రసవపు అలసటతో ఒళ్లెరగని నిద్రలోకి పోయింది. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా ఆమెకు తెలియదు. లేచేసరికి పక్కలో ఉన్నది తను కన్న బిడ్డ కూడా కాదు. ఆ పిల్లాడికి పాలిచ్చి, వెన్న దొంగతనాలకు విసిగి, రోటికి కట్టేసి, మన్ను తిన్నాడేమోనని నోరు తెరిపించి చూసింది కాబట్టే ఇవాళ్టికీ తల్లి అంటే యశోద అంటున్నాం. ఆమె ఆ రాత్రి ఏం చూసిందని ఎవరూ అడగలేదు.

నీకు మాత్రం ఆ పూట ఏం జరిగిందో తెలియాలి. మీ అమ్మను కూర్చోబెట్టుకుని అడుగు. తను బయట ఎక్కడ కూర్చుంది, నర్సు ఎన్నింటికి వచ్చి చెప్పింది, పాపను మొదట ఎవరు చూశారు, ఏడుపు వినిపించిందా, ఏ గుడ్డలో చుట్టి తెచ్చారు. మీ ఆయన ఫోన్‌లో ఆ రోజు ఫొటోలు ఉంటాయి, ఏ టైంలో తీసినవో కూడా అందులోనే తెలుస్తుంది. ఆపరేషన్ ఎందుకు చేశారో, పాప ఎన్నింటికి పుట్టిందో, బరువెంతో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆరు వారాల చెకప్‌కి ఇంకా వెళ్లకపోతే వెళ్లు. ‘ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి డాక్టర్’ అని అడుగు. వాళ్లు తొందరలో ఉన్నా సరే అడుగు. ఇవన్నీ ఒక నోటుబుక్కులో గంటల వారీగా రాసుకో. ఏడుపొస్తే ఏడువు. కానీ ఆ మాటలు వింటుంటే గుండె దడదడలాడి, ఊపిరాడనట్టు అయితే అక్కడితో ఆపెయ్. బలవంతంగా గుర్తు చేసుకోకు. ఆ పని కౌన్సెలర్ పక్కనుండగా చేయాల్సింది, దాని గురించి కింద చెబుతాను.

ఇక మీ పెద్దత్త మాట. నువ్వు పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డావు. ఆ పైన పొట్ట పొరలు, గర్భసంచి కోసి కుట్టారు. పక్కకు ఒత్తిగిలాలంటే మంచం పట్టీ పట్టుకుని పళ్లు బిగించిన రోజులు నీకు గుర్తే ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. ఈ లెక్కలు నాకు బాధ కలిగిస్తాయి. అవసరం లేని కోతలు ఆగాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆ లెక్క అడగాల్సింది ఆస్పత్రులను, ప్రభుత్వాన్ని. బాలింత మంచం పక్కన కూర్చుని ఆమెను కాదు. పైగా బిడ్డ గుండె చప్పుడు తగ్గుతుంటే ఆపరేషన్ చేయడమే సరైన పని, నీకు జరిగింది అదే. నొప్పులు పడితేనే ప్రేమ తెలిసేటట్టయితే, మన రాష్ట్రంలో సగానికి పైగా ఇళ్లలో పిల్లల్ని ప్రేమించే తల్లే ఉండకూడదు. ఆమె మళ్లీ ఆ మాట అంటే, ‘పద్నాలుగు గంటలు పడ్డానత్తా, తర్వాత కోత కూడా పడ్డాను. నా దగ్గర ఇంకెప్పుడూ ఆ మాట అనకండి’ అని చెప్పు. నీ నోటితో చెప్పలేకపోతే మీ అమ్మతో చెప్పించు.

మీ ఆయన మాట వేరు. ‘పాప బాగుంది కదా’ అన్నదాంట్లో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆ రోజు థియేటర్ బయట కాగితాల మీద సంతకాలు పెట్టినప్పుడు ఆయన ఎంత బెదిరిపోయారో నీకు తెలియదు, ఆయనా చెప్పి ఉండరు. ఇద్దరికీ ఏమైనా అవుతుందేమోనని వణికిన మనిషి, గండం గడిచాక దాని గురించి మళ్లీ మాట్లాడాలంటే భయపడతాడు. ఈ శనివారం వచ్చినప్పుడు ‘ఆ రోజు మీకెలా అనిపించింది’ అని నువ్వే అడుగు. తర్వాత నీ సంగతి చెప్పు. పాప క్షేమంగా ఉందన్న సంతోషం, అలా పుట్టిందన్న దిగులు రెండూ ఒకేసారి ఉంటాయి. ఒకటి ఉందని రెండోది అబద్ధం కాదు. నోటితో చెప్పలేకపోతే నాకు రాసిన ఈ ఉత్తరమే ఆయన చేతికివ్వు.

మీ అమ్మ ఎత్తుకుంటే ఊరుకుని, నీ దగ్గర ఎందుకు ఏడుస్తోందన్నది నిన్ను బాగా కోస్తున్నట్టుంది. నీ ఒంటి నిండా పాల వాసన. ఆ వాసన తగలగానే ఆకలి లేకపోయినా పాపకు నోరు ఊరుతుంది, వెతుక్కుంటుంది, దొరకకపోతే ఏడుస్తుంది. అమ్మమ్మ దగ్గర ఆ గొడవ లేదు. ఇంకోటి, కుట్టు దగ్గర తగులుతుందేమోనని నువ్వు పాపను కాస్త దూరంగా, చేతుల మీదే ఎత్తుకుంటూ ఉండొచ్చు. పిల్లలకు ఆనుకోవడానికి ఒళ్లు కావాలి. పొట్ట మీద మెత్తటి దిండు పెట్టుకుని, పాపను రొమ్ముకు ఆనించి, వెనక్కి వాలి ఎత్తుకుని చూడు.

నువ్వంటే పాపకు తెలియదనుకోకు. 1980లో అమెరికాలో పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పాలపీక చప్పరించే తీరును బట్టి తల్లి గొంతో, పరాయి ఆడమనిషి గొంతో వినిపించేలా ఏర్పాటు చేశారు. ఆ పసికందులు తల్లి గొంతు వినడానికే చప్పరించే తీరు మార్చుకున్నారు. కడుపులో నెలల తరబడి విన్న గొంతు అది. మీ అమ్మ గొంతు, మీ ఆయన గొంతు అలా లోపలి నుంచి వినే అవకాశం పాపకు లేదు. కాబట్టి పాపతో మాట్లాడు. ముద్దు మాటలు నోటికి రాకపోతే వద్దు. ‘ఇప్పుడు గుడ్డ మారుస్తున్నా, ఇదిగో కాలు ఎత్తుతున్నా’ అని మామూలు మాటలే చెప్పు. నీ ముఖం జానెడు, జానెడున్నర దూరంలో ఉంటే పాపకు బాగా కనిపిస్తుంది. ఇంకో మాట. ఈ ఏడు వారాలూ నువ్వు ఇస్తూనే ఉన్నావు, పాప వైపు నుంచి ఏడుపు తప్ప జవాబు లేదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్లలు ముఖం చూసి నవ్వడం మొదలెడతారు. నిద్రలో వచ్చే నవ్వు కాదు, మనిషిని చూసి నవ్వే నవ్వు.

పుట్టింటి పురుడు ఆడపిల్లకు గొప్ప ఆసరా. కానీ ఆపరేషన్ అయిన తల్లికి అందులో ఒక చిక్కు ఉంది. నువ్వు లేవకూడదు, వంగకూడదు, నీళ్లు ముట్టుకోకూడదు అంటారు. కాబట్టి స్నానం పెద్దమ్మ పోస్తుంది, నిద్ర అమ్మమ్మ పుచ్చుతుంది, గుడ్డలు ఇంకొకరు మారుస్తారు. పాలకు మాత్రం పాపను నీ ఒళ్లో పెట్టి, తాగగానే తీసుకెళ్లిపోతారు. అందరూ ప్రేమతోనే చేస్తున్నారు. కానీ పాప అందరికీ మాలిమి అవుతోంది, నీకు తప్ప. మీ అమ్మతో మాట్లాడి పని తీరు మార్చు. వంట, బట్టలు, వచ్చేపోయేవాళ్ల మర్యాదలు వాళ్లు చూసుకోనీ. పాపకు సంబంధించిన రెండు పనులు నీ పేరు మీద పెట్టు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపను కాళ్ల మీద వేసుకుని స్నానం పోయడం నీకు ఇప్పుడే వద్దు. కానీ మంచం మీద పడుకోబెట్టి నూనె రాయడం నువ్వు చేయగలవు. స్నానం కాగానే తువ్వాలు పట్టుకుని పాపను అందుకోవాల్సింది కూడా నువ్వే. సాంబ్రాణి పొగ పట్టే అలవాటుంటే మానిపించు, పసిదాని ఊపిరికి అది మంచిది కాదు.

అందుకున్న తర్వాత చేయాల్సింది ఒకటుంది. అన్నిటికన్నా దీని మీదే నాకు నమ్మకం ఎక్కువ. తలుపు దగ్గరగా వేసుకుని, రెండు మూడు దిండ్లకు ఆనుకుని వెనక్కి వాలి కూర్చో. పాపకు డైపరో లంగోటీనో ఉంచి, జాకెట్ తీసేసిన నీ గుండెల మీద బోర్లా ఆనించుకో. తల ఒక పక్కకు తిరిగి ముక్కు, నోరు తెరిపిగా ఉండాలి. వీపు మీద మెత్తటి పాత చీర కప్పు. అలా ఒక గంట ఉండు. ఫోన్ పక్కన పెట్టెయ్. ఏదో అనిపించాలని ఎదురుచూడకు, ఊరికే ఉండు. ఒంటికి ఒళ్లు తగిలితే పాప గుండె, ఊపిరి నెమ్మదిస్తాయి, నీకూ టెన్షన్ తగ్గుతుంది, పాలు కూడా బాగా దిగుతాయి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, బరువు తక్కువ పిల్లలకు సరిపడా వసతులు లేక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు కంగారూ పద్ధతి అని మన ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ నేర్పిస్తున్నారు. పుట్టిన గంటలోనే చేయాలి, తర్వాత చేస్తే లాభం లేదనుకోకు. ఏడు వారాలకూ పనికొస్తుంది, మూడు నెలలకూ పనికొస్తుంది. శనాదివారాల్లో మీ ఆయన చొక్కా విప్పి ఆయన గుండెల మీద వేయి. ఒక్కటే జాగ్రత్త, నీకు నిద్ర ముంచుకొస్తుంటే పాపను పక్కవాళ్లకు ఇచ్చెయ్. సోఫాలోనో కుర్చీలోనో పాపను వేసుకుని నిద్రపోవడం ప్రమాదం.

పాలిచ్చేటప్పుడు కుట్టు నొప్పి పెడుతుంటే ఒళ్లో అడ్డంగా వేసుకోకు. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వు. లేదంటే చంక కింద పట్టుకుని, పాప కాళ్లు నీ వీపు వైపు, తల నీ అరచేతిలో, చేతి కింద దిండు పెట్టుకుని ఇవ్వు. పొట్ట మీద బరువు పడదు. ఆపరేషన్ తర్వాత పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడటం మామూలే, నీకైతే పాప కూడా దగ్గర లేదు. డబ్బా పాలు పట్టాల్సి వచ్చినందుకు కుమిలిపోకు. కానీ ఆ డబ్బా పాలు కూడా నువ్వే పట్టు, గుండెకు హత్తుకుని, ముఖం చూస్తూ. పోత పాలు తగ్గించుకోవాలని ఉంటే ఆస్పత్రిలో పాల గురించి సలహా ఇచ్చేవాళ్లను కలువు.

నీ ఒంటి సంగతి కూడా చూసుకో. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదన్న మాట మీ ఇంట్లో ఉంటే దయచేసి పక్కన పెట్టండి. దాహమైనప్పుడల్లా తాగాలి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టకుండా పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు ఉండాలి. చెకప్‌కి వెళ్లినప్పుడు రక్తం శాతం, థైరాయిడ్ పరీక్ష చేయించమని అడుగు. కాన్పు తర్వాత రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా మనసు నీరసించిపోతుంది, దేనిమీదా ఇష్టం పుట్టదు. కుట్టు చుట్టూ నెలల తరబడి స్పర్శ తెలియకపోవచ్చు, దానికి భయపడకు. ఎర్రగా ఉబ్బినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆగకుండా వెళ్లు. చాలామంది ఆ కోత వైపు చూడరు, స్నానంలో కూడా చెయ్యి తగలనివ్వరు. నీకు కుదిరిన రోజున అద్దంలో ఒకసారి చూసుకో. పాప బయటికి వచ్చిన దారి అదే.

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన మాట. కాన్పయిన మూడో రోజుకల్లా ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. నీకు ఏడు వారాలైంది. నెల దాటాక కూడా థియేటర్ లైట్లు గుర్తొచ్చి ఉలిక్కిపడి లేస్తున్నావు. దీన్ని ఓర్చుకుని కూర్చోకూడదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ మన దేశంలో సుమారు ఐదుగురు తల్లుల్లో ఒకరికి వస్తుంది. హడావిడి ఆపరేషన్ వల్ల మనసుకు తగిలిన దెబ్బ దానితో కలిసి కూడా ఉండొచ్చు. రెండింటికీ వైద్యం ఉంది. చెకప్‌లో ‘నాకు మనసు కూడా బాగాలేదు’ అని నోరు తెరిచి చెప్పు. వాళ్లు పది ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వొచ్చు, నిజాయితీగా నింపు. మానసిక వైద్యుల దగ్గరికి పంపితే వెళ్లు. కొందరికి కౌన్సెలింగ్‌తోనే నయమవుతుంది, కొందరికి మందులు కావాలి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి కాబట్టి పాల కోసం వైద్యం మానుకోవద్దు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు 14416కి ఫోన్ చేయి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, మీ ఊరిలో ఎవరికీ తెలియదు.

‘పాపను జారవిడుస్తానేమో’ లాంటి ఊహలు వచ్చి నువ్వే బెదిరిపోతుంటే, అవి చాలామంది తల్లులకు వస్తాయి, డాక్టర్‌కు చెబితే సాయం చేస్తారు. కానీ చచ్చిపోవాలనిపించినా, పాపను ఏమైనా చేయాలనిపించినా, ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నా, రెండు మూడు రోజులు అసలు నిద్ర లేకపోయినా నిద్ర అక్కర్లేదనిపించినా, తెల్లారేదాకా ఆగొద్దు. మీ అమ్మను లేపి చెప్పు, అదే పూట ఆస్పత్రికి వెళ్లాలి, అవసరమైతే 108 పిలవాలి. ఈ పేరా మీ అమ్మతో, మీ ఆయనతో కూడా చదివించు.

నా కొడుకు కూడా ఆపరేషన్‌తోనే పుట్టాడు. వార్డులో వందల మంది పిల్లల్ని ఎత్తుకున్న చేతులు నావి, నా పిల్లాడు మాత్రం చాలా రోజులు డ్యూటీలో ఇచ్చిన బిడ్డలాగే ఉండేవాడు. పాలు పట్టేదాన్ని, పక్క మార్చేదాన్ని, మా అమ్మకు అప్పగించేదాన్ని. ఒకరోజు టీకా వేయించడానికి తీసుకెళ్లాం. సూది పడగానే కెవ్వుమన్నాడు. మా అమ్మ అలవాటుగా చేతులు చాచింది. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అప్పుడు ఆలోచించలేదు. ఇంటికొచ్చి భుజం మీద వాడి ఎంగిలి మరక చూసుకున్నాక కూర్చుని ఏడ్చాను.

పాపకు ఆరు వారాల టీకాలు అయ్యే ఉంటాయి. తర్వాతివి పది వారాలకు, అంటే ఇంకో మూడు వారాల్లో. ఆ రోజు మీ అమ్మను తోడు తీసుకెళ్లు, కానీ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సింది నువ్వు. సూది వేసే ముందే పాలు పట్టడం మొదలుపెట్టి, వేస్తున్నప్పుడు కూడా పడుతూ ఉంటే పిల్లలకు నొప్పి తక్కువ తెలుస్తుంది. అక్కడి నర్సమ్మకు ముందే చెప్పు, కాదనదు. ఈలోపు చెకప్‌కి వెళ్లి రా. టీకా రోజు ఎలా గడిచిందో, పాప ఎంతసేపు ఏడ్చిందో, ఏడ్చే ముందు ఆ కుడికాలు తన్నిందో లేదో నాకు రాయి.